నాన్నకు, గోటింగెన్ నుంచి

నాన్నా,

అక్కడ నువ్వు చేసేది యూరియాయేనా అని మొన్న అడిగావు. కాదు గానీ దానికి దగ్గర చుట్టమే. ఫోన్లో మొదలుపెడితే అమ్మ మధ్యలో తిన్నావా అంటుంది, అందుకే రాస్తున్నా.

గాలిలో 78 శాతం నైట్రోజనే అయినా పైరుకి అందదు, రెండు పరమాణువులు మూడు బంధాలతో అంత గట్టిగా అతుక్కుని ఉంటాయి. దాన్ని హైడ్రోజన్‌తో కలిపి అమ్మోనియా చేసే మొదటి ఫ్యాక్టరీ ఈ జర్మనీలోనే, ఓపావు అనే ఊళ్ళో, 1913లో పెట్టారు. 400 డిగ్రీలు దాటిన వేడి, విపరీతమైన ఒత్తిడి. రామగుండంలో ఇప్పుడు నడిచేదీ ఆ పద్ధతే. యూరియా ఒక్కటే కాదు, మాత్రల్లో, రంగుల్లో ఉండే నైట్రోజన్ కూడా దాదాపు అంతా అమ్మోనియా మీదుగా వచ్చిందే.

అమ్మోనియా జోలికి పోకుండా నైట్రోజన్‌ని నేరుగా కార్బన్‌కి తగిలించాలన్నదే మా పని. రెండు లోహ కాంప్లెక్సులు (లోహ పరమాణువు చుట్టూ వేరే అణువులు అతుక్కుని ఉన్నవి) చెరోవైపు పట్టుకుంటే నైట్రోజన్ మామూలు గది వేడికే రెండుగా చీలిపోతుంది. 1995లో అమెరికాలో కమిన్స్ అనే రసాయన శాస్త్రవేత్త బృందం మాలిబ్డినం అనే లోహంతో చేసి చూపించింది (జీలుగ వేళ్ళ బుడిపెల్లో బ్యాక్టీరియా వాడేదీ ఇనుము, మాలిబ్డినమే). 2014లో ఇక్కడే ష్నైడర్ బృందం రీనియం అనే ఇంకో లోహంతో చీల్చి, దానికి కార్బన్ తగిలించింది, 2016లో అలాగే అసిటోనైట్రైల్ అనే ద్రావకం తీసింది.

మామూలు ల్యాబుల్లో గాలి తగలకుండా పని చేయాలంటే గ్లవ్ బాక్సులో (గ్లవ్స్‌లో చేతులు పెట్టి పని చేసే మూసిన పెట్టె) నైట్రోజన్ నింపుతారు, అది దేంతోనూ కలవదని. మా కాంప్లెక్సులు దాన్నీ వదలవు, అందుకని ఆర్గాన్ అనే వేరే గ్యాస్ కావాలి. ఇంత చేసి ఏదైనా వస్తే, అందులో నైట్రోజన్ నిజంగా సిలిండర్‌లోదేనా, ఏ మురికి నుంచో వచ్చిందా అని అనుమానం. బరువైన నైట్రోజన్-15 గ్యాస్‌తో మళ్ళీ చేసి రుజువు చూపాలి. దాని ధర చూస్తే నీకు నిద్ర పట్టదు.

అసలు చిక్కేంటంటే, చీల్చడానికి ఎలక్ట్రాన్లు ధారాళంగా ఇచ్చే మందు పోయాలి, కార్బన్ తగిలించడానికి ఎలక్ట్రాన్లు లాక్కునే మందు పోయాలి, రెండూ ఒకే సీసాలో పడితే ఒకదాన్నొకటి తినేస్తాయి, నైట్రోజన్‌ని పట్టించుకునేవాళ్ళే ఉండరు. అందుకే విడివిడిగా, మెట్టు మెట్టుగా చేస్తాం, లోహం చాలాసార్లు ఒక్క చుట్టుతో, అంటే ఒకసారి చీల్చి తగిలించగానే, ఆగిపోతుంది. అదే లోహం ఆగకుండా వేల చుట్లు తిరిగితేనే ఫ్యాక్టరీ మాట. రీనియం చాలా అరుదు, అదొకటి.

కాబట్టి మా అమ్మాయి యూరియా రేటు తగ్గిస్తుందని సొసైటీ దగ్గర చెప్పకు. ఎప్పటికైనా పనికొస్తే ముందు మాత్రలు చేసే మందుల కంపెనీలకే. ఈసారి జీలుగ మాత్రం పూత రాగానే దున్నేయించు, ముదరనీయకు.

నీ చిన్ని