చేపలమ్మే మహిళల సంఘం 2024-25 వార్షిక నివేదిక (సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి సమర్పించినది)

గౌరవ అధ్యక్షురాలికి, కార్యవర్గ సభ్యులకు, ఇవాళ బేరం మానుకుని వచ్చిన అక్కచెల్లెళ్లందరికీ నమస్కారం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉన్న 61 రోజులూ కాకినాడ రేవులో సరుకు లేదు. భీమవరం, ఆకివీడు వైపు చెరువు చేపలు తెప్పించుకుని బేరం నిలబెట్టుకున్నాం. ఆ రెండు నెలలూ ఐసు అప్పు పెట్టిన ఫ్యాక్టరీ వారికి, కిరాయికి తొందరపెట్టని వ్యాను డ్రైవర్ తమ్ముళ్లకు సంఘం తరఫున ధన్యవాదాలు. షెడ్డులో కొళాయి కోసం మూడుసార్లు అర్జీ పెట్టాం. ఒకసారి వచ్చి కొలతలు తీసుకుని వెళ్లారు. నీళ్లు మాత్రం ఇంకా బిందెలతోనే మోస్తున్నాం.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది నవంబరు 21న, ప్రపంచ మత్స్య దినోత్సవం రోజున హైస్కూలు ఆవరణలో పెట్టిన చేపల ప్రదర్శన. 24 రకాలు ఐసు మీద పేర్చి, పేరు, గుణం, ఎలా వండాలో రాసిన అట్టలు పెట్టాం. తెల్లవారుజామున నాలుగింటికి పెట్టెలు ఎత్తడానికి వస్తామని ముప్పై మంది పేర్లు ఇచ్చారు, వచ్చింది ఏడుగురు. రానివాళ్ల పేర్లు ఇక్కడ చదవను కానీ, ఆ ఏడుగురి నడుములు ఎంత నొప్పి పెట్టాయో నేను చూశాను. ముఖ్య అతిథిగా వస్తానన్న అధికారి కోసం పదకొండున్నర దాకా ఆగాం. ఐసు కరిగిపోతుంటే ఇక ఆగలేక, ఉప్పాడ నుంచి యాభై ఏళ్లుగా తట్ట మోసిన మన పెద్దమ్మ చేత ప్రారంభం చేయించాం. అంతకన్నా తగినవాళ్లు నాకు కనిపించలేదు.

బొచ్చె చేప మూతి పైకి ఎందుకు తిరిగి ఉందని ఒక పిల్ల అడిగింది. నీటి పైభాగంలో మేసే చేప కాబట్టి అని పెద్దమ్మే చెప్పింది. శీలావతి నడిమి నీటిలో, ఎర్రమోసు అడుగున మేస్తాయి. మేతకు ఒకదానికొకటి పెద్దగా పోటీ రావు గనుకే మూడింటినీ ఒకే చెరువులో వేస్తారు. కొరమీను పైకొచ్చి గాలి కూడా పీల్చుకుంటుంది, అందుకే టబ్బులో బతికే ఉంటుంది. ముళ్లు తక్కువ కాబట్టి పిల్లలకు, జబ్బుపడి లేచినవాళ్లకు పెట్టవచ్చు. చందువకైతే నడుమ ముల్లు ఒక్కటి లాగితే చాలు. సొర మాంసంలో యూరియా ఉంటుంది, అందుకే ఉడకబెట్టి నీళ్లు పారబోసి పుట్టు (పొడికూర) చేయాలి. బాలింతలకు పెట్టడం మన వైపు ఎప్పటి నుంచో ఉన్న ఆచారమే. పులస సంగతి చెప్పక్కర్లేదు. సముద్రంలో విలసగా ఉన్నది వరదనీటికి గోదారి ఎదురీది పులస అవుతుంది. ఐసు పెట్టెల్లో బయటి నుంచి వచ్చిన దాన్ని పులసని చెప్పి మన సభ్యులెవరూ అమ్మకూడదని ఇంకోసారి మనవి.

నాకు ఎక్కువ సంతోషం కలిగించింది కవళ్లు (సార్డైన్), కానాగంతల (మాకెరెల్) బల్ల. చవక చేపలని వాటివైపు చూడనివాళ్లు చాలామంది. ఖరీదైన వంజరమైనా కవళ్లయినా వంద గ్రాములకు మాంసకృత్తులు రమారమి 20 గ్రాములేనని, గుండెకు మేలుచేసే ఒమేగా-3 కొవ్వు కవళ్లలో బాగా ఉంటుందని ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మ గారు విడమరిచి చెప్పారు. ముల్లుతో సహా తినే నెత్తళ్లలో కాల్షియం ఉంటుంది. 1803లోనే ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రస్సెల్ గారు విశాఖపట్నం తీరం చేపలు 200 బొమ్మలతో అచ్చువేసినప్పుడు కానాగంతకు రాసుకున్న మన తెలుగు పేరు కనగుర్త ఇవాళ్టికీ ఆ చేప శాస్త్రీయ నామంలో ఉందని సైన్సు మాస్టారు చెబితే మా వాళ్ల ముఖాలు వెలిగిపోయాయి.

ఐసు లేకుండా రాత్రంతా ఉంచిన కానాగంత ఒకటి, తాజాది ఒకటి పక్కపక్కన పెట్టాం. ఎనిమిదో తరగతి పిల్ల బొటనవేలితో తాజాదాన్ని నొక్కితే గుంట వెంటనే నిండింది, రెండోదాంట్లో వేలిముద్ర అలాగే ఉండిపోయింది. మొప్ప ఎత్తితే ఒకటి ఎర్రగా, ఒకటి మట్టిరంగులో ఉన్నాయి. ఈ చేప నిలవుంటే ఒంటికి దద్దుర్లు తెప్పించే హిస్టమిన్ పుడుతుంది, ఎంత ఉడికించినా అది పోదు. కాబట్టి కిలో చేపకు కిలో ఐసు అన్న లెక్క దగ్గర పొదుపు చూడొద్దు. ఆ సాయంత్రం కవళ్లు తట్టలతో సహా అమ్ముడయ్యాయి.

హెడ్మాస్టరు గారికి, బల్లలు ఉచితంగా ఇచ్చిన టెంటు హౌస్ వారికి, రాత్రంతా అట్టలు రాసిన డిగ్రీ పిల్లలకు, ఆ ఏడుగురికి పేరుపేరునా ధన్యవాదాలు.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి. కోశాధికారి గారు విడిగా చదువుతారు. ప్రదర్శన ఖర్చు చందాల్లోనే సరిపోయింది. సభ్యత్వ రుసుము బకాయి ఉన్నవాళ్లు ఈ నెలాఖరుకి కట్టాలి. ఆ 24 అట్టలూ మా ఇంట్లో గోనెసంచిలో ఉన్నాయి. షెడ్డు గోడకు మేకులు కొట్టి తగిలించడానికి ఆదివారం ఉదయం ఎవరొస్తారో ఇప్పుడే చేతులెత్తి చెప్పండి, పేర్లు రాసుకుంటాను.

ఇట్లు,
కార్యదర్శి