ఇంట్లో మేరీ, బడిలో లక్ష్మి

సంపాదకుల గారికి,

ఎన్నికలు దగ్గరపడితే చాలు, మిషనరీల వల్ల దేశ రాజకీయాలు ఎలా మారాయన్న వాదన మన జిల్లాలో మళ్లీ లేస్తుంది. ఒకరు విదేశీ డబ్బు అంటారు, ఇంకొకరు చదువు, వైద్యం అంటారు. ముప్పై ఏళ్లు సర్కారు బడిలో పనిచేసిన నాకు ఆ ప్రభావం కనబడింది మాత్రం అడ్మిషన్ రిజిస్టర్‌లో కులం, మతం రాసే గడుల్లో.

ఒక జూన్‌లో ఒకాయన కూతుర్ని ఒకటో తరగతిలో చేర్చడానికి తీసుకొచ్చాడు. పేరేంటమ్మా అంటే పాప ‘మేరీ’ అంది. తండ్రి గబుక్కున దాని భుజం నొక్కి, ‘లక్ష్మి అని రాయండి సార్, మతం హిందూ అని వేయండి’ అన్నాడు. పాప ఆయన మొహంలోకి చూసింది. నేను లక్ష్మి అనే రాశాను. ఆ అబద్ధం నా చేతిరాతలో ఉందన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

ఆయన భయం ఉత్తది కాదు. ఏ కులాలు ఎస్సీలో (షెడ్యూల్డ్ కులాలో) చెప్పే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో మతం షరతు ఉంది. 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధ దళితులకు ఎస్సీ హోదా ఇచ్చారు గానీ క్రైస్తవం తీసుకున్న దళితులకు ఇవ్వలేదు. మన రాష్ట్రంలో వాళ్లు వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సీ గుంపు, రిజర్వేషన్ వాటా ఒక శాతం. చిత్తూరు, తిరుపతి లోక్‌సభ సీట్లు రెండూ ఎస్సీ రిజర్వుడు. క్రైస్తవురాలిగా ఆ పాప రేపు ఓటు వేయగలదు, ఎస్సీగా నామినేషన్ వేయడానికి వీల్లేదు.

మిషనరీల మేలు నేను మరిచిపోను. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి వాళ్లదే. మిషనరీ డాక్టరు ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన వేలూరు వైద్యమే మా అమ్మను బతికించింది. కానీ కులాన్ని మాత్రం వాళ్లు పోగొట్టలేకపోయారు. మాలలకు ఒక చర్చి, మాదిగలకు ఒక చర్చి ఉన్న ఊళ్లు నేను చూశాను. సంబంధాలు చూసేటప్పుడు అడిగేదీ కులమే. టీ కొట్టులో వేరే గ్లాసు పెట్టినవాడు, నువ్వు ఆదివారం ఎక్కడికి పోతావని అడిగి పెట్టలేదు. మతం మారితే అంటరానితనం పోయిందని ప్రభుత్వం ఏ ఊరు చూసి అనుకుందో నాకు అర్థం కాదు.

 

ఎస్సీ హోదాకు మతంతో ఉన్న ముడి తీసేయమని కేంద్రం వేసిన రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. 2022లో కేంద్రం ఇదే సంగతి చూడమని బాలకృష్ణన్ కమిషన్ వేసి, దాని గడువు పెంచుకుంటూ వచ్చింది. దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చాలని 2023 మార్చిలో మన అసెంబ్లీ తీర్మానం చేసింది. అయితే, ఎస్సీలకు ఉన్న పదిహేను శాతం రిజర్వేషన్‌లోకి ఇంకొందరు వస్తే మా పిల్లల గతేమిటని హిందూ దళితులు అడగడం న్యాయం. వాటా పెంచకుండా చేర్చితే వాళ్ల నోటి దగ్గర కూడు లాగినట్టే. పెంచి చేర్చాలన్నది నా మాట.

మన ఎంపీలిద్దరూ రిజర్వుడు సీట్లలో గెలిచినవాళ్లే. ఈ సంగతి పార్లమెంటులో అడగాల్సింది ముందు వాళ్లే. జవాబు అవునన్నా, కాదన్నా, జనం ముందు చెప్పించాలి. ఆ పాపకు పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. పెద్దదాన్ని వచ్చే జూన్‌లో బడిలో వేస్తారట.

— ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, చిత్తూరు