పిల్లల వార్డుకో ఆట మనిషిని ఇవ్వండి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో పిల్లల వార్డుల్లో పనిచేసే నర్సులం, ఫిజియోథెరపిస్టులం, పిల్లల మనస్తత్వం చదువుకున్నవాళ్లం కలిసి రాస్తున్న లేఖ ఇది. ప్రతి పిల్లల వార్డుకీ ఆట కోసమే ఒక మనిషిని వేయండి. మా విన్నపం అంతే. మిగతాదంతా ఆ మనిషి ఏం చేయాలో, ఎక్కడ తేడా వస్తుందో చెప్పడానికే.

బొమ్మలకేం కొదవ లేదండీ. పుట్టినరోజులకీ వర్ధంతులకీ దాతలు తెచ్చిస్తూనే ఉన్నారు. ఫొటో దిగి వెళ్తారు, సాయంత్రానికి అవి బీరువాలో చేరతాయి. హెడ్‌నర్సును తప్పుపట్టలేం. ఒక్క బొమ్మ పోయినా స్టాకు రిజిస్టర్‌కి జవాబు చెప్పుకోవాల్సింది ఆవిడే. గోడల మీద ఏనుగులూ కుందేళ్లూ వేయించారు, సంతోషం. గోడ మీది ఏనుగుతో పిల్లాడు ఎంతసేపని ఆడతాడు? ఇక మిగిలింది అమ్మ చేతిలో ఫోను. సూది గుచ్చే రెండు నిమిషాలు దృష్టి మళ్లించడానికి ఫోను బాగానే పనికొస్తుంది, మేమూ వాడతాం. కానీ రేపు ఏం జరగబోతుందో అది పిల్లాడికి చెప్పదు, నిన్న జరిగినదాని గురించి అడగదు.

ఆసుపత్రిలో చేరిన పిల్లాడి చేతిలో ఏ నిర్ణయమూ ఉండదు. ఏం తినాలో, ఎప్పుడు నిద్రలేవాలో, ఒంటిమీద ఎవరు చెయ్యి వేయాలో అన్నీ పెద్దవాళ్లే చెప్తారు. ఆటలో మాత్రం వాడే పెద్ద. మన తిరుపతివాళ్లకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. గంగమ్మ జాతరలో వేషం కట్టినవాళ్లు ఎదుటివాళ్లని ఎంత మాటన్నా ఎవరూ నొచ్చుకోరు, వేషం దిగాక మళ్లీ మామూలే. డాక్టరు వేషం కట్టిన పిల్లాడు బొమ్మకి టకటకా నాలుగు సూదులు పొడిచి, "ఊరుకో, ఏడవద్దు!" అని గద్దిస్తే అదీ అలాంటిదే. తనని ఎవరేమన్నారో వాడు ఆ బొమ్మ మీద వల్లెవేసుకుంటున్నాడు.

అందుకే ముందుగా కావాల్సింది గుడ్డబొమ్మ. బజారులో దొరికే బొచ్చు టెడ్డీ వద్దు. దుమ్ము పడుతుంది, ఉతికితే సరిగా ఆరదు. మీటరు కోరా గుడ్డలో అడుగు పొడవు బొమ్మలు అయిదు వస్తాయి. వెడల్పు చేతులు, మెత్తటి దూది, గట్టి కుట్టు ఉంటే చాలు, డ్వాక్రా మహిళలు కుట్టిపెట్టగలరు. ముఖం ఖాళీగా వదిలేయాలి. స్కెచ్ పెన్నుతో కళ్లూ నోరూ గీసుకునేది పిల్లాడే. ఏడుపు ముఖం గీస్తే గీయనివ్వాలి. ఎవరి బొమ్మ వాళ్లదే, డిశ్చార్జి అయ్యేటప్పుడు ఇంటికి తీసుకుపోతారు. ఇలాచేస్తే బొమ్మ ద్వారా ఒకరి జబ్బు ఇంకొకరికి అంటదు.

బొమ్మతోపాటు అసలు సామానే ఇవ్వాలి: సూది లేని 2 మి.లీ. సిరంజి, సూది తీసేసిన క్యాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో ఉంచే సన్న గొట్టం), టూర్నికెట్ (నరం తేలేలా చేతికి బిగించే పట్టీ), స్పిరిట్ దూది, ప్లాస్టరు, చెయ్యి కదలకుండా కట్టే అట్ట, మందుని ఆవిరిలా పీల్పించే నెబ్యులైజర్ మాస్కు. ఒకరికి వాడినవి ఎట్టిపరిస్థితిలోనూ వద్దు. కొత్త క్యాన్యులా విప్పి సూదిని పిల్లల కళ్లబడకుండా లాగేసి అక్కడికక్కడే తెల్ల షార్ప్స్ డబ్బాలో వేయాలి. మిగిలేది మెత్తటి ప్లాస్టిక్ గొట్టం. చాలామంది పిల్లలు ప్లాస్టర్ కింద సూది అలాగే ఉండిపోయిందనుకుని, చెయ్యి కదిపితే లోపల గుచ్చుకుంటుందని రోజంతా బిగుసుకుని పడుకుంటారు. ఆ గొట్టాన్ని వేళ్లతో వంచి చూడనిస్తే ఆ భయం అక్కడే పోతుంది.

ఆట సాగే పద్ధతి ఇదీ. ముందు సామాను పక్కన పెట్టి, పిల్లాడు చెయ్యి చాపేదాకా ఆగాలి. స్పిరిట్ దూది మొదట వాడి చేతికే రాసి, చల్లగా ఉందో లేదో వాడినే అడగాలి. తర్వాత బొమ్మ చేతికి టూర్నికెట్, గొట్టం, ప్లాస్టరు, అట్ట, నిజంగా జరిగే వరసలోనే. పది పదిహేను నిమిషాలకు మించనక్కర్లేదు. అయిదేళ్లలోపు వాళ్లకి సూది వేసే రోజునే చెప్పాలి, ముందురోజే చెప్తే రాత్రంతా నిద్రపోరు. ఏడేళ్లు దాటినవాళ్లకి ఒకట్రెండు రోజుల ముందు చెప్తేనే మంచిది, ప్రశ్నలు అడగడానికి వాళ్లకి వ్యవధి కావాలి.

"నీకు భయంగా ఉందా?" అని అడిగితే పిల్లలు తల అడ్డంగా ఊపేస్తారు. "ఈ బొమ్మకి ఏమైంది?" అని అడిగి చూడండి. "చెప్పిన మాట ఇనలా, ఎండలో తిరిగె, అందుకే జరమొచ్చె" అంటారు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు జబ్బుని శిక్ష అనుకోవడం చాలా మామూలు. అప్పుడు బొమ్మతోనే చెప్పాలి: "నీ తప్పేం లేదు నాయనా, దోమ కుట్టి జ్వరమొచ్చింది." ఈ ఒక్క మాట కోసమే బొమ్మ. ఎవరైనా పిల్లాడు బొమ్మని పదేపదే పొడుస్తుంటే ఆపకూడదు, అది ఆరోగ్యమైన కోపమే. రోజులు గడిచినా అదే ఆట, అదే తీవ్రత, ముఖంలో ఏ మార్పూ లేకుండా సాగుతుంటే మాత్రం సైకాలజిస్టుకి చూపించాలి.

ఇక అసలు సూది సమయం. "నొప్పే ఉండదు" అని ఎవరూ అనకూడదు. ఒకసారి అబద్ధమని తేలాక ఆ వార్డులో మన మాట ఏదీ చెల్లదు. "చురుక్కుమంటుంది, నేను అయిదు లెక్కపెట్టేలోపు అయిపోతుంది" అనడం నయం. పిల్లాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి నలుగురు అదిమిపట్టడం ఇంకా మామూలుగా జరుగుతోంది. అదిమేకొద్దీ వాడు పెనుగులాడతాడు, నరం దొరకదు, రెండోసారి గుచ్చాల్సి వస్తుంది. అమ్మ ఒళ్లో, ఆమె ఛాతీకి ఆనించి, నిటారుగా కూర్చోబెట్టి, ఒక చెయ్యి మాత్రం బయటికి తీయాలి. పాలు తాగే బిడ్డకి ఆ సమయంలో తల్లిపాలు పట్టించాలి. టీకాల నొప్పి తగ్గించడానికి 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినవీ ఇవే: పక్కన అమ్మో నాన్నో, నిటారుగా కూర్చోవడం, తల్లిపాలు, ఆరేళ్లలోపు వాళ్లకి దృష్టి మళ్లించడం.

మూడేళ్లు దాటితే సబ్బు బుడగలు బాగా పనిచేస్తాయి. గ్లాసు నీళ్లు, రెండు చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్, ఒక చెంచా గ్లిజరిన్. బుడగ పగలకుండా పెద్దది కావాలంటే నెమ్మదిగా, పొడుగ్గా ఊదాలి. ఊపిరి అలా వదులుతుంటే బిగుసుకున్న భుజాలు వాటంతటవే దిగుతాయి. ఎవరి కప్పు, ఎవరి పుల్ల వాళ్లకే ఉండాలి, నీళ్లు ఏరోజుకారోజు పారబోయాలి. నేల మీద ఒలికితే వెంటనే తుడవాలి, లేకపోతే సెలైన్ స్టాండుతో నడిచే పిల్లాడు జారిపడతాడు. ఆయాసంగా ఉన్న పిల్లలకి ఇది వద్దు. గుండె ఆపరేషన్ అయి కోలుకునే పిల్లలకైతే ఇలా ఊదించడం, స్ట్రాతో కాగితం ముక్కలు తోయించడం ఊపిరితిత్తులు తెరుచుకోవడానికి ఫిజియోథెరపీ కిందే లెక్క. 2021లో మన ఊళ్లో మొదలైన శ్రీ పద్మావతి హృదయాలయం లాంటి చోట రోజూ పనికొచ్చే సంగతి. పెదాలు నీలం తిరిగినా, పిల్లాడు గొంతుక్కూర్చున్నా ఆట ఆ క్షణమే ఆపాలి.

ఏడెనిమిదేళ్లు దాటినవాళ్లకి ఊహే మందు. ఇక్కడి పిల్లల్లో చాలామంది అలిపిరి మెట్లెక్కినవాళ్లే. కళ్లు మూసుకోమని, దారి వాడినే చెప్పమనాలి: గాలిగోపురం దాటాక ఏమొస్తుంది? జింకల పార్కులో జింకకి ఏం పెట్టావు? మోకాళ్ల పర్వతం దగ్గర ఎవరు అలిసిపోయారు? వాడు చెప్తుండగానే సూది పడాలి. చేసే తప్పల్లా ఒకటే, కథంతా మనమే చెప్పేయడం. అప్పుడు వాడు వినేవాడు అయిపోతాడు, మనసు మళ్లీ చేతి మీదికే పోతుంది.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. నొప్పి మందుకి బదులు ఆట కాదు. వెన్నులోంచి నీరు తీసేటప్పుడు బుడగలు ఊదించి సరిపెట్టడం అన్యాయం. చర్మం మొద్దుబారే లిడోకైన్-ప్రిలోకైన్ క్రీము ఆసుపత్రులు మందుల కోసం పంపే ఇండెంట్లలో ఉండాలి, దాన్ని సరిగ్గా వాడాలి. మందంగా పెట్టి, రుద్దకుండా, పైన పారదర్శక ప్లాస్టరు వేసి, గంటసేపు ఉంచాలి. పూసిన పది నిమిషాలకే గుచ్చేసి "పనిచేయలేదు" అంటే అది క్రీము తప్పు కాదు. నెలల పిల్లలకి ఎంత వాడాలో డాక్టరే చెప్పాలి.

భద్రత సంగతి. గట్టి ప్లాస్టిక్ బొమ్మల్ని సబ్బుతో కడిగి, 5 శాతం హైపోక్లోరైట్ 20 మి.లీ.ని లీటరు నీళ్లలో కలిపి అందులో పది నిమిషాలు ఉంచి, మంచినీళ్లతో మళ్లీ కడిగి ఆరబెట్టాలి. నొక్కితే కీచుమనే రబ్బరు బాతులు వద్దే వద్దు, లోపల నీరు నిలిచి సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. కొండపల్లి బొమ్మలు మనకెంత ముద్దైనా వార్డుకి పనికిరావు, రంగు తడి తట్టుకోదు. బటన్ బ్యాటరీ ఉన్నదేదీ లోపలికి రానివ్వకూడదు. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. వామనగుంటలకి చింతగింజలు మంచివే, మూడేళ్లలోపు పిల్లలు పక్క మంచం మీద లేనప్పుడు. వేరుశనగ గింజ ఊపిరిగొట్టంలో ఇరుక్కుని ఆసుపత్రులకి వచ్చే పిల్లలు ఈ సీమలో కొత్త కాదు, మనమే ఇంకో గింజ చేతికివ్వొద్దు. కీమోథెరపీతో తెల్లకణాలు పడిపోయిన పిల్లాడికి మట్టి, ఇతరుల బొమ్మలు వద్దు. వాడి బొమ్మలకి విడిగా ఒక మూతడబ్బా ఉండాలి. డెంగీలో ప్లేట్‌లెట్లు తగ్గినవాళ్లకి మంచం దిగకుండా ఆడే ఆటలే.

పన్నెండేళ్లు దాటినవాళ్లకి బొమ్మ ఇస్తే చిన్నబుచ్చుకుంటారు. వాళ్లకి పులి-మేక, అష్టాచెమ్మా. ఫ్లెక్సీ షాపులో రెండడుగుల గళ్లు ప్రింటు చేయిస్తే తుడుచుకోవచ్చు, మూడు పులులకీ పదిహేను మేకలకీ రెండు రంగుల సీసా మూతలు చాలు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవడానికి వచ్చే తలసీమియా పిల్లలు గంటల తరబడి పైకప్పు చూస్తూ పడుకుంటున్నారు. వాళ్లకి కిందటిసారి ఆగిన ఆటని అక్కడి నుంచే మొదలుపెట్టే మనిషి ఉండాలి. పాయింట్లు రాసిపెట్టే ఒక నోటుబుక్కు ఉన్నా సగం పని అవుతుంది.

ఇదంతా నర్సులతోనే చేయించొచ్చు కదా అని తమ శాఖ అధికారులు అనొచ్చు. ఇంజక్షన్లు, సెలైన్లు, రికార్డుల మధ్య పదిహేను నిమిషాలు ఒక్క పిల్లాడి దగ్గర కూర్చోవడం కుదరదు. ఇంకో కారణమూ ఉంది. సూది వేసే చెయ్యీ ఆడించే చెయ్యీ వేరుగా ఉంటేనే పిల్లాడు దగ్గరికి రానిస్తాడు. అందుకే ఆట మనిషి ఇంజక్షన్ ట్రే ముట్టుకోకూడదని ఉత్తర్వులోనే రాయండి. లేకపోతే వారం తిరక్కుండానే ఆ మనిషిని రికార్డులు రాయడానికి కూర్చోబెడతారు, మాకు తెలియని సంగతా?

మనుషుల కోసం దూరం పోనక్కర్లేదు. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో హోమ్‌సైన్స్ చదివిన అమ్మాయిలున్నారు, అంగన్‌వాడీల్లో చేయి తిరిగినవాళ్లున్నారు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల ఎదుగుదల లోపాల్ని తొందరగా గుర్తించి చికిత్స చేయడానికి జిల్లాల్లో నడిచే డీఈఐసీ కేంద్రాల్లోని సైకాలజిస్టులకి పర్యవేక్షణ అప్పగించొచ్చు. నగరి, కుప్పం వైపు నుంచి వచ్చే పిల్లల్లో తమిళం మాట్లాడేవాళ్లు చాలామంది, నొప్పిలో ఉన్న పిల్లాడు ఇంటి భాషలోనే మాట్లాడతాడు. కాబట్టి తమిళం వచ్చినవాళ్లకి ప్రాధాన్యం ఇవ్వండి. బొమ్మల ఖర్చు ఆసుపత్రి అభివృద్ధి సంఘం నిధుల్లోంచి పెట్టుకోవచ్చు, జీతానికే మీ సంతకం కావాలి. ఆట పిల్లల హక్కని చెప్పిన 1989 నాటి బాలల హక్కుల ఒడంబడికకి మన దేశం 1992లోనే ఒప్పుకుంది.

పోస్టు మంజూరు కావడానికి సమయం పడుతుందని తెలుసు. ఈలోగా పైసా ఖర్చులేని సర్క్యులర్ ఒకటి ఈ నెలలోనే ఇవ్వగలరు. ప్రాణాపాయం ఉన్నప్పుడు తప్ప, పిల్లలకి సూదులూ కట్లూ వాళ్ల మంచం మీద చేయకూడదు, పక్క గదిలో చేయాలి. అమ్మనో నాన్ననో బయటికి పంపకూడదు. బొమ్మల బీరువా తాళం రోజూ సాయంత్రం నాలుగు నుంచి అయిదున్నర దాకా తీసి ఉంచాలి, పోయిన బొమ్మకి ఏ నర్సు దగ్గరా సంజాయిషీ అడగకూడదు.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు జిల్లాల పిల్లల వార్డుల్లో పనిచేసేవాళ్లం