శ్రవణ విభాగం సీడీ ప్లేయర్ల మరమ్మతు: జమా ఖర్చుల వివరణ

చందాదారులకు, గ్రంథాలయం శ్రవణ విభాగానికి వచ్చే పెద్దలకు, చూపు లేని విద్యార్థులకు నమస్కారం. ఏప్రిల్ 1 నుంచి జూన్ 30 వరకు ఐదు సీడీ ప్లేయర్లకు లెన్స్ యూనిట్లు (లేజర్ కాంతితో సీడీని చదివే భాగాలు) మార్పించడానికి, మన ఉత్సవాల్లో రికార్డు చేసిన హరికథల సీడీలను హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించడానికి వచ్చిన సొమ్ము, అయిన ఖర్చు ఇవి. లెక్కలన్నీ రూపాయల్లోనే.

జమ: పాత నిల్వ 1,840. చందాలు 23,150. పేరు వేయవద్దన్న ఒక దాత నుంచి 5,000. పాడైన స్పీకర్లు, వైర్లు అమ్మగా 610. మొత్తం 30,600.

ఖర్చులో పెద్ద పద్దు హార్డ్ డిస్కులు. రెండింటికి 10,800. ఒకటి గ్రంథాలయంలో ఉంటుంది, రెండోది కోశాధికారి ఇంట్లో. దీనిపై ఎవరూ ప్రశ్న వేయలేదు. ప్రశ్నలన్నీ లెన్స్ మీదే వచ్చాయి కాబట్టి అక్కడ కాస్త ఆగుదాం.

లెన్స్ యూనిట్లకు 2,620. సోనీ కేఎస్ఎస్-213సి రకం ఐదు (ఒకటి నిల్వకు), ఒక్కోటి 380 చొప్పున 1,900. బాగా పాత ప్లేయరుకు సోనీ కేఎస్ఎస్-210ఏ రకం ఒకటి, 720. "దుకాణంలో కొన్న సీడీ చక్కగా పాడుతుంటే లెన్స్ పోయిందంటారేమిటి?" అని అడిగారు. కంపెనీ అచ్చు సీడీ తన మీద పడిన కాంతిలో 70 శాతానికి పైగా వెనక్కి పంపుతుంది. మన హరికథలు రంగుపూత మీద రాసిన సీడీలు, పైగా ఏళ్లనాటివి; వాటి నుంచి తిరిగొచ్చే కాంతి తక్కువ. లేజర్ నీరసించినప్పుడు ముందు తడబడేది ఇలాంటి సీడీల మీదే.

"యూనిట్ మీద ఉన్న చిన్న స్క్రూ తిప్పితే పోయేదానికి ఇంత ఖర్చెందుకు?" అన్నది రెండో ప్రశ్న. ఆ స్క్రూ తిప్పితే లేజర్‌కు కరెంటు పెరుగుతుంది. అలసిన డయోడు (లేజర్ కాంతినిచ్చే భాగం) నాలుగు రోజులు వెలిగి పూర్తిగా పోతుంది. పాత ప్లేయరు యూనిట్ స్టిక్కరు మీద చివరి మూడంకెలు 437. అంటే ఫ్యాక్టరీలో పెట్టిన కరెంటు 43.7 మిల్లీఆంపియర్లు. మెకానిక్ కొలిస్తే 60 దాటింది. ఎవరో ఎప్పుడో ఆ స్క్రూ తిప్పేసి ఉండాలి, లేదా డయోడే అలసి ఉండాలి. కొత్త యూనిట్లలో దాన్ని ముట్టుకోలేదు.

నికర నష్టం కింద 220 రాశాం. మొదట ఒక దుకాణంలో నాలుగు యూనిట్లు 220 చొప్పున తెచ్చాం. కొత్త 213సిలో చిన్న బోర్డు మీద రెండు బిందువులను కలుపుతూ టంకం చుక్క ఉంటుంది. స్థిర విద్యుత్తు వల్ల డయోడు చావకుండా ఫ్యాక్టరీలో పెట్టే రక్షణ అది, బిగించాక తీసేయాలి. ఈ నాలుగింటిలో ఆ చుక్కను ఒకసారి తీసి, మళ్లీ పెట్టిన జాడ కనిపించింది. విప్పిన సరుకును కొత్తదిగా అమ్మారన్నమాట. మూడింటికి డబ్బు తిరిగిచ్చారు, బిగించిన నాలుగోదానికి ఇవ్వలేదు. ఇక కొత్త యూనిట్లు బిగించేటప్పుడు స్థిర విద్యుత్తు తగలకుండా మణికట్టు పట్టీ, చాప కూడా కొన్నాం: 780.

మెకానిక్ మజూరీ ప్లేయరుకు 450 చొప్పున 2,250. ఆసిలోస్కోపు (విద్యుత్ సిగ్నల్‌ను తెర మీద తరంగంగా చూపే పరికరం) రెండు రోజుల అద్దె 1,200. లేజర్ కాంతిని డిస్కు మీద సరిగా నిలిపే సర్దుబాటు స్క్రూలున్నవి రెండు ప్లేయర్లే, మిగతావి తమంతట తామే సర్దుకుంటాయి కదా, అద్దె దండగ అని సమావేశంలో ఒక సభ్యుడు అన్నారు. నిజమే, స్క్రూలు రెండింటికే ఉన్నాయి. కానీ లెన్స్ యూనిట్ నుంచి వచ్చే సిగ్నల్ తరంగాన్ని ఐదింటిలోనూ చూశాం. సిగ్నల్ సుమారు ఒక వోల్టు ఎత్తుండాలి. మధ్యలో ముగ్గు గళ్లలా ఖాళీలు స్పష్టంగా కనపడాలి. రెండు ప్లేయర్లలో కొత్త లెన్స్ వేసినా గళ్లు అలుక్కుపోయాయి. చూస్తే మోటారు ఇరుసు అరిగి డిస్కు ఊగుతోంది. మోటార్లు రెండూ మార్చాం, 440. డిస్కు కూర్చునే పళ్లెం పాత ఎత్తులోనే పడేలా కొలిచి బిగించారు. ఆసిలోస్కోపు లేకపోతే మంచి లెన్సులను చెడ్డవని పారేసేవాళ్లం.

సీడీలను హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించే కంప్యూటర్ డీవీడీ రైటర్లు రెండింటికి మాత్రం లేజర్ మార్చలేదు, కొత్తవే కొన్నాం: 2,700. వాటిలో 650, 780 నానోమీటర్ల లేజర్లు రెండుంటాయి. వాటికి సరిపడే కొలతలను ఫ్యాక్టరీలోనే డ్రైవు మెమరీలో రాసి పెడతారు. యూనిట్ మారిస్తే ఆ కొలతలు పొసగవు. తిరగరాసే సాధనం బయట మెకానిక్‌ల దగ్గర ఉండదు.

ఐసోప్రొపైల్ ఆల్కహాలు, దూది పుల్లలు, గ్రీజు, టంకం సామాను 640. కొరియర్ 310. టీలు, టిఫిన్లు 385.

మొత్తం ఖర్చు 22,345. నిల్వ 8,255, అందులో బ్యాంకులో 8,000, చేతిలో 255. వోచర్లు, బిల్లులు ఆదివారం ఉదయం గ్రంథాలయంలో ఎవరైనా చూడవచ్చు. అభ్యంతరాలుంటే రాసి ఇవ్వండి. నిల్వకు ఉంచిన ఆరో యూనిట్ సంచి విప్పకుండా బీరువాలో ఉంది. తమ ఇంటి ప్లేయరుకు కావాలని ఇప్పటికే ఇద్దరు అడిగారు. అది అమ్మకానికి కాదు.