ఈతచెట్టు మీద రెండో గూడు

పాలకొల్లు దగ్గర మా ఊరు,
ఆగస్టు 28, పొద్దున ఆరున్నర

ప్రియమైన మిణుగురూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. అలిగి ఉంటావు. అలగడానికి నీకు పూర్తి హక్కు ఉంది, క్షమించమని మాత్రం అడుగుతున్నాను. మూడుసార్లు కాగితం ముందు పెట్టుకున్నాను. మూడుసార్లూ రెండు వాక్యాలు రాసి, వంటింటి కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను. ఆ కిటికీ కథ నీకు చెప్పకపోతే నాకు అన్నం సయించేలా లేదు. తొమ్మిది గంటల బస్సుకు మావయ్యగారు పాలకొల్లు వెళ్తున్నారు, ఉత్తరం ఆయన చేతికి ఇచ్చేయాలి. అందుకని మిగతా కబుర్లు గబగబా కానిచ్చేస్తాను.

అందరం బాగున్నాం. ఆవకాయ ఈసారి బాగా కుదిరింది, నీ జాడీ విడిగా మూతకట్టి ఉంచాను. అత్తయ్యకు కంటి ఆపరేషన్ అయింది, సూదిలో దారం తనే ఎక్కించుకుంటోంది. ఊడ్పులు అయిపోయాయి. జూన్‌లో అమ్మాయిని విజయవాడ హాస్టల్‌లో దింపి వచ్చాం. మీ అమ్మగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయో, భిలాయిలో వానలు ఎలా ఉన్నాయో రాయి.

ఇక అసలు సంగతి. మా పెరట్లోకి గిజిగాళ్ళు వచ్చారే!

వంటింటి వెనక, కాలువ గట్టున ఉన్న ఈతచెట్టు గుర్తుందా? నా పెళ్ళికి వచ్చినప్పుడు నువ్వు పట్టుచీరతో ఆ చెట్టు కిందికి వెళ్ళి, అరచేతిలో ముల్లు దించుకుని, తలంబ్రాల వేళకు పసుపు ముద్దతో కూర్చున్నావు చూడు, ఆ చెట్టే. జూన్ చివరి వారంలో ఒకరోజు అన్నం వారుస్తుంటే బయట ఒకటే గోల. ఆరు మగపక్షులు, తల మీద పసుపు మెత్తినట్టున్నాయి. వానాకాలం వస్తేనే వాటికి ఆ రంగు. మిగతా రోజుల్లో ఆడా మగా రెండూ ఊరపిచ్చుకల్లాగే ఉంటాయి, పక్కనుంచి పోయినా పోల్చుకోలేం. మన చిన్నప్పుడు గట్టు పొడుగునా తాడిచెట్లకు ఎన్ని గూళ్ళు ఉండేవి! ఇప్పుడు మా ఊరి చుట్టూ సగానికి సగం చేలు రొయ్యల చెరువులయ్యాయి, గట్ల మీద చెట్లు లేవు. అందుకే వాటిని చూడగానే గంజి కాలి మీద పడుతున్నా పట్టించుకోలేదు.

ఆ ఆరింటిలో ఒకడి తోకలో ఒక ఈక పక్కకు వంగి ఉంది. దానితోనే వాణ్ణి గుర్తుపట్టేదాన్ని. ఎలా అల్లుతాడో చూడాలి నువ్వు. వరి ఆకు అంచును ముక్కుతో కొరికి పట్టుకుని ఎగురుతాడు, ఆ ఊపుకు పొడుగాటి నార చీలి వస్తుంది. కొన్ని జానెడు, కొన్ని మూర దాటి. దాన్ని ముక్కుతోనే తోసి, లాగి, మెలితిప్పి ముడి వేస్తాడు. ఒక్కో గూటికి అయిదువందల సార్లు తిరగాలట. ఒకరోజు పప్పు ఉడికేలోగా లెక్కపెట్టాను, 31 సార్లు వచ్చాడు. పప్పు మాడింది.

గూడు అంతా కట్టేసి ఆడపక్షిని పిలవరు, తెలుసా? ముందు సగమే కడతారు. బోర్లించిన టోపీలా ఉంటుంది, మధ్యలో అడ్డంగా ఒక పట్టీ. ఆ సగానికే దాదాపు ఎనిమిది రోజులు పడుతుంది. ఆడపక్షులు వచ్చేసరికి మగవాళ్ళందరూ గూళ్ళకు వేలాడుతూ రెక్కలు కొట్టుకుంటూ ఒక్కసారిగా అరుస్తారు. ఆవిడ వచ్చి పట్టీ మీద వాలుతుంది. అటు లాగి, ఇటు పొడిచి చూస్తుంది. నచ్చితే అప్పుడు మిగతా సగం, కిందికి వేలాడే గొట్టం.

మావాడి గూటికి అయిదుగురు వచ్చారు. అయిదుగురూ చూసి వెళ్ళిపోయారు! చివరి ఆవిడ అయితే పట్టీ మీద వాలనైనా వాలలేదు. గూడు పచ్చదనం పోయి గడ్డిరంగుకు తిరిగింది. పక్క మట్టల మీద అందరి గూళ్ళూ గొట్టాలు దించుకుంటున్నాయి, వీడు మాత్రం ఆ టోపీలో ఒక్కడే. నాకు ఆ రోజుల్లో ఎందుకో చాలా దిగులుగా ఉండేది. అమ్మాయి గదిలో దుప్పటి మడత విప్పాల్సిన పని లేదు, సాయంత్రం నాలుగున్నరకు పాలు కాచాల్సిన పని లేదు. ఆ వేళకు చేతులు ఊరుకోక... సరే, అది మరో ఉత్తరంలో రాస్తాను.

జూలై 8న వాడు రెండో గూడు మొదలుపెట్టాడు. ఈసారి కాలువ మీదికి వంగిన మట్ట చివర, కింద అంతా నీళ్ళు. కాకి, ఉడత అంత తేలిగ్గా రాలేని చోటు. 16వ తేదీ పొద్దున ఒక ఆడపక్షి వచ్చింది. పట్టీ మీద వాలింది. లాగింది. లోపలికి దూరింది, బయటికి వచ్చింది, మళ్ళీ దూరింది. పావుగంట ఉంది. మధ్యాహ్నం నోట్లో మెత్తటి గడ్డితో తిరిగి వచ్చింది! నేను పెరట్లోనే చప్పట్లు కొట్టాను. అత్తయ్య పరుగున వచ్చి, "అమ్మాయి దగ్గరనుంచి ఫోను వచ్చిందా?" అంది.

ఇప్పుడు నీకు చెప్పాల్సిన మాట ఒకటి. ఏడో తరగతిలో దీపావళి తర్వాత మనకు దొరికిన రాలిన గూడు గుర్తుందిగా? లోపల ఎండిన మట్టి ముద్దలు చూసి, "ఇక్కడే మిణుగురులను అతికిస్తుంది, అవే దీపాలు" అన్నావు. నేను నమ్మనని, మర్నాడు అగ్గిపెట్టెలో అయిదు మిణుగురులు పట్టుకొచ్చి, గూటిలో పెట్టి, మీ నాన్నమ్మ మంచం పక్క దండేనికి వేలాడదీశావు. రాత్రి ఆవిడ వేసిన కేకకు వీధి వీధంతా లేచింది. ఆ రోజునుంచే కదా నువ్వు మిణుగురువు అయ్యావు! ఆ మట్టి నిజమే. గూడు సగంలో ఉన్నప్పుడు వాడు తడిమట్టి తెచ్చి లోపలి గోడకు మెత్తడం నా కళ్ళతో చూశాను. గాలికి గూడు మరీ ఊగిపోకుండా బరువు కోసమని చెబుతారు. దీపాల మాట పెద్దలు చెప్పిన ముచ్చటే. అయినా చీకటి పడ్డాక నేను ఆ గూటివైపు చూడకుండా ఒక్కరోజూ పడుకోలేదు.

గొట్టం పూర్తయ్యాక వాడు ఏం చేశాడంటే... చెబితే నీకు ఒళ్ళు మండుతుంది. ఆవిడ గుడ్ల మీద కూర్చోగానే, పక్క మట్ట మీద మూడో గూడు మొదలుపెట్టాడు, ఇంకొక ఆడపక్షి కోసం! నాకు నిజంగా కోపం వచ్చింది. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1930లో మహారాష్ట్రలో అలీబాగ్ దగ్గర కిహిం అనే ఊళ్ళో గిజిగాళ్ళను నెలల తరబడి గమనించి రాసింది కూడా ఇదే. మగపక్షి ఒక గూటికి ఆడపక్షి కుదరగానే మరో గూడు మొదలుపెడుతుంది, పొదగడం ఆవిడ ఒక్కదాని పనే, పిల్లల పెంపకమూ చాలావరకు ఆవిడదే. ఆ సంగతి లోకానికి అర్థమయ్యేలా చెప్పింది ఆయనే. అయిదుగురు కాదన్నప్పుడు వాడికోసం అంత దిగులుపడ్డానే అని నాకు అనిపించింది. రెండు రోజులు వాడివైపు చూడలేదు. మూడోరోజు వాడు వానలో తడుస్తూ నార పట్టుకుని వస్తుంటే కోపం దానంతట అదే పోయింది.

ఆగస్టు 12న గూటిలోంచి సన్నగా కిచకిచ వినిపించింది. ఆవిడ పచ్చపురుగులు తేవడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే మావయ్యగారు చెట్టు కొట్టించాలన్నారు. మట్టలు పశువుల పాక మీద పడుతున్నాయని, ఈ పిట్టలు రేపు ధాన్యం పాలుపోసుకునే వేళకు చేల మీద పడతాయని ఆయన బాధ. ఆయన చెప్పింది అబద్ధం కాదు, వాలితే గింజ తింటాయి. నేను ఏమీ అనలేకపోయాను. "పిల్లలు ఎగిరేదాకా ఆగండి" అని మాత్రం అన్నాను. ఆయన మాట్లాడకుండా గొడ్డలి నూరించుకుని తెచ్చి పాకలో పెట్టారు.

20వ తేదీ రాత్రి. ఆ రాత్రి కోసమే ఈ ఉత్తరమంతా.

సాయంత్రం నుంచే ఈదురుగాలి. ఎనిమిదింటికి కరెంటు పోయింది. వాన కిటికీ రెక్కలను ఎవరో పిడికిళ్ళతో గుద్దుతున్నట్టు కొడుతోంది. పదకొండు దాటాక పెరట్లో ఫెళ్ళుమని చప్పుడు. నాకు వెంటనే తెలిసిపోయింది. టార్చి తీసుకుని తలుపు తీసేసరికి, నాకంటే ముందు మావయ్యగారు గోనెసంచి కప్పుకుని గట్టు మీద నిలబడి ఉన్నారు! మట్ట మొదట్లో సగానికి విరిగి వేలాడుతోంది. గూటి గొట్టం చివర కాలువ నీళ్ళను తాకుతోంది. కాలువ నిండుగా ఉంది, ప్రవాహం గొట్టాన్ని పట్టి లాగుతోంది. టార్చి వెలుగు పడగానే గూటిలోంచి ఆవిడ ఎగిరి చీకట్లోకి పోయింది. లోపల పిల్లలు అరుస్తున్నాయి.

"కొబ్బరి తాడు తీసుకురా అమ్మా, పాకలో దూలానికి ఉంది" అన్నారు మావయ్యగారు. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. మా ఆయన లుంగీ ఎగ్గట్టి కాలువలోకి దిగారు, నడుము లోతు నీళ్ళు. మట్టను రెండు చేతులతో భుజం మీదికి ఎత్తుకుని నిలబడ్డారు. మావయ్యగారు వెదురు గెడ ఒకటి బురదలోకి దించి, మట్ట కింద ఆనించి, పైన చెట్టు మానుకు తాడు బిగించారు. పడవకు వేసే ముడి వేశారు. చేతులనిండా ముళ్ళు. ఒక్కసారి కూడా అబ్బా అనలేదు. నేను టార్చి పట్టుకుని ఏడుస్తున్నానో, వానకు తడుస్తున్నానో నాకే తెలియలేదు. అత్తయ్య గుమ్మంలో నిలబడి, కొత్త కళ్ళజోడు నిండా వాన, "పిల్లలు పలుకుతున్నాయా, పలుకుతున్నాయా?" అని అడుగుతూనే ఉంది.

పని అయ్యాక మావయ్యగారి అరచేతుల్లోంచి దీపం వెలుగులో పదకొండు ముళ్ళు తీశాను. పసుపు పెడుతుంటే అన్నారు, "తల్లి తిరిగి రాకపోతే మనం చేసిందంతా వృథా కదమ్మా." ఆ మాటకు నాకు నిద్ర పట్టలేదు. గూడు పాతచోటునుంచి రెండు మూరలు కిందికి, పక్కకు జరిగింది. ఆవిడ గుర్తుపడుతుందా? మనిషి వాసన, తాడు, గెడ... రాత్రంతా అదే ఆలోచన.

అయిదున్నరకు నలుగురమూ కిటికీ దగ్గరే ఉన్నాం. వాన వెలిసింది. పిల్లల గొంతు చాలా సన్నబడింది. ఆరు అయింది, రాలేదు. ఆరుంబావుకు వచ్చింది, ముక్కున పచ్చపురుగు! కానీ గూటి దగ్గరికి కాదు. నిన్నటిదాకా గూడు ఎక్కడ ఉండేదో, సరిగ్గా ఆ ఖాళీ గాలిలోకి వచ్చి రెక్కలు కొట్టుకుంటూ నిలబడింది. అక్కడ ఏమీ లేదు. వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఆ ఖాళీ చోటికే. నా గుండె నీరైపోయింది మిణుగురూ. ఆ క్షణం నీకు ఎలా చెప్పను... మూడోసారి వచ్చి పై మట్ట మీద వాలింది. తల వంచి అటూ ఇటూ చూసింది. అప్పుడే లోపలినుంచి ఒక పిల్ల, ఒక్కటే, కీచుమంది. ఆవిడ రాయి పడినట్టు కిందికి దిగి, గొట్టం అంచు పట్టుకుని, సర్రున లోపలికి దూరింది.

నేను అరిచాను. మా ఆయన నా భుజం గట్టిగా పట్టుకున్నారు. మావయ్యగారు ఏమీ అనకుండా పాకలోకి వెళ్ళి గొడ్డలి తీసి అటక మీద పెట్టారు. "ఆ చెట్టు సంగతి సంక్రాంతి తర్వాత చూద్దాం" అన్నారు. సంక్రాంతి తర్వాత ఏం చూస్తారో నాకు తెలియదు, కానీ నిన్న పాక మీదికి వాలిన మట్టను చెట్టుకే తాడుతో వెనక్కి కట్టుకుంటుంటే చూశాను.

ఇవాళ్టికి పిల్లలకు పదహారో రోజు. రేపో ఎల్లుండో ఎగరాలి. రెండా మూడా ఇంకా తేలలేదు, నేను రెండు అంటాను, అత్తయ్య మూడు అంటుంది. కొత్త కళ్ళు ఆవిడవి, ఆవిడ మాటే నిజం కావచ్చు. దసరాకు నువ్వు రావాలి. గూడు కోసి నీకు పంపమని మాత్రం అడగకు, గిజిగాళ్ళు వదిలేసిన గూళ్ళలో జీనువాయిలనే చిన్న పిట్టలు కాపురం పెడతాయి, వాటికోసం ఉంచుతున్నాను. నువ్వే వచ్చి చూడు. అగ్గిపెట్టె ఇంట్లో పెట్టి రా!

ఉండు, గొట్టం చివర ఏదో కదిలింది. ముక్కు. చిన్న ముక్కు, అంచు పసుపుగా...

మావయ్యగారు గొడుగు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. నీ అడ్రసు ఇంకా కవరు మీద రాయలేదు. మూడో గూటి దగ్గరికి నిన్న ఎవరు వచ్చారో చెప్పనే లేదు, అదంతా మళ్ళీ

నీ
జడకుచ్చులు