షూటింగ్ సంఘం 2024-25 వార్షిక నివేదిక: ఇంటి సాధన, పఠనం

సభ్యులందరికీ నమస్కారం.

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ సభ్యుల్లో చాలామందికి రోజూ రేంజ్‌కు రావడం కుదరదు. అందుకే ఈ ఏడాది సంఘం శ్రద్ధంతా ఇంట్లో చేసే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ (గాలి ఒత్తిడితో పెల్లెట్ అనే చిన్న సీసపు గుళికను పేల్చేది) సాధన మీదే పెట్టాం.

ముందు భద్రత. పెల్లెట్ లేదని రెండుసార్లు చూసుకుని, పెల్లెట్ల డబ్బా వేరే గదిలో పెట్టాకే పిస్టల్ పట్టాలి. డ్రై ఫైరింగ్ (పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కడం) ఏర్పాటు ఉన్న పిస్టల్‌తోనే ఈ సాధన. స్ప్రింగు పిస్టల్‌ను పెల్లెట్ లేకుండా పేల్చొద్దు. ఎదురు ఒత్తిడి లేక, స్ప్రింగు తోసే పిస్టన్ బలంగా గుద్దుకుని సీలు పాడవుతుంది.

టార్గెట్ బొమ్మ అక్కర్లేదు, ఖాళీ తెల్లగోడ చాలు. చూపు ఫ్రంట్ సైట్ (గొట్టం చివర ఉండే గురి మొన) మీద నిలపాలి. వెనక సైట్ గాడిలో దానికి రెండు పక్కలా సందు సమానంగా ఉండాలి, రెండు సైట్ల పై అంచులు ఒకే గీతలో ఉండాలి. ట్రిగ్గర్ మొదటి దశ (ఒత్తిడి పెరిగేదాకా తేలిగ్గా కదిలే భాగం) తీసుకుని, మిగతా ఒత్తిడిని తిన్నగా వెనక్కి పెంచాలి. క్లిక్ అన్నాక కూడా ఒకటి రెండు సెకన్లు చెయ్యి దించొద్దు. క్లిక్‌తోపాటు ఫ్రంట్ సైట్ కిందికి, ఎడమకు జారిందంటే కుడిచేతి షూటర్ వేలితోపాటు పిడికిలి కూడా బిగిస్తున్నట్టే. ఎక్కువమందిలో కనిపించింది ఈ లోపమే.

ఇది చిన్న విషయం కాదు. సైట్ల మధ్య దూరం 33 సెంటీమీటర్లనుకుంటే, అక్కడ 1 మిల్లీమీటరు తేడా 10 మీటర్ల దూరంలోని టార్గెట్ దగ్గర 30 మిల్లీమీటర్లవుతుంది. టార్గెట్ నడుమ పది పాయింట్లిచ్చే వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లే కాబట్టి, సరిగ్గా నడుమ పడాల్సిన పెల్లెట్ ఏడు పాయింట్ల వలయంలో పడుతుంది. చెయ్యి కాస్త ఊగినా అంత నష్టం ఉండదు, సైట్లు కలిసే కదులుతాయి కనుక.

ఎనిమిది, పది సెకన్లలో షాట్ రాకపోతే చెయ్యి దించి మళ్లీ మొదలుపెట్టాలి. రోజుకు 20 నిమిషాలు చాలు. అలసిన చేతితో సాగదీస్తే తప్పే అలవాటవుతుంది.

పఠనంలో ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య) నిబంధనలు తీసుకున్నాం. అర్హత రౌండులో 75 నిమిషాల్లో 60 షాట్లు. అంటే తొందర పడాల్సిన పని లేదన్నది అంకెల్లోనే తెలుస్తుంది. డైరీలో స్కోరు ఒక్కటే రాస్తే ఉపయోగం తక్కువ. క్లిక్ సమయంలో సైట్ ఎటు కదిలిందో రాయండి.

ట్రిగ్గర్ బరువు 500 గ్రాములకు తగ్గకూడదు. తూకపు గుండు సంఘం దగ్గర ఉంది. పోటీకి బయల్దేరే ముందు వచ్చి పరీక్షించుకోండి.