విడాకుల తర్వాత రెండిళ్ల లెక్క

సంపాదకులకు,

అమెరికా టీవీ దంపతులు జాన్, కేట్ గోసెలిన్‌ల మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన కథనం చదివాం. ఎవరు ఎవరిని ఏమన్నారో వివరంగా రాశారు. ఎనిమిది మంది పిల్లల ఇల్లు రెండుగా చీలితే ఖర్చు ఏమవుతుందన్న సంగతి మాత్రం రెండు వాక్యాల్లో దాటేశారు. మేం హనుమకొండ, పరకాల వైపు మహిళా సంఘాల లెక్కలు రాసేవాళ్లం, న్యాయసేవా సంస్థ వాలంటీర్లం. మా దగ్గరికి వచ్చే ఆడవాళ్లు అడిగేది ఆ దాటేసిన సంగతే.

గోసెలిన్‌లకు 2000లో కవలలు, 2004లో ఒకే కాన్పులో ఆరుగురు పుట్టారు. 2007లో వాళ్ల ఇంటి జీవితాన్ని చూపే టీవీ కార్యక్రమం మొదలైంది. 2009 జూన్‌లో విడిపోతున్నామని ఆ కార్యక్రమంలోనే చెప్పారు, డిసెంబరులో విడాకులయ్యాయి. పిల్లలు ఒకే ఇంట్లో ఉంటారు, తల్లీతండ్రీ వంతులవారీగా వచ్చి ఉంటారు అన్నది మొదట్లో వాళ్ల ఏర్పాటు. వినసొంపుగానే ఉంది. లెక్క వేస్తే మాత్రం పిల్లలకొక ఇల్లు, వంతు లేని రోజుల్లో ఆమెకొకటి, ఆయనకొకటి. టీవీ సొమ్ము ఉన్నవాళ్లకే అది కుదరాలి. మన దగ్గర రెండో కిరాయికే దిక్కుండదు, ఆమె పిల్లల్ని తీసుకుని తల్లిగారింటికి పోతుంది.

పెద్దమనుషుల పంచాయితీలో, భర్త "నెలకు ఇంత ఇయ్యాలె" అని ఒక అంకె తేలుస్తారు. ఆ అంకె ఎట్ల వచ్చిందని అడిగితే ఎవరి దగ్గరా జవాబు ఉండదు. నలుగురు పిల్లలున్న ఇంట్లో తండ్రి బయటికి పోతే తగ్గేది ఒక్క మనిషి తిండి. కిరాయి, కరెంట్, ఫీజులు అట్లనే ఉంటాయి, పైగా ఆయనకు ఇంకో కిరాయి, ఇంకో గ్యాస్ పొయ్యి మొదలవుతాయి. అంకె చెప్పేముందు కాగితం మీద ఖర్చు రాయాలి.

వంటింటి నుంచే మొదలుపెట్టండి. తల్లి, నలుగురు పిల్లలు, మొత్తం ఐదుగురు. నెలకు తలా పది కిలోల చొప్పున బియ్యం యాభై కిలోల దాకా పడుతుంది. రేషన్ సన్నబియ్యం మనిషికి 6 కిలోలు, అంటే 30 వస్తాయి. మిగతా 20 కిలోలు కొనాలి, కాబట్టి 25 కిలోల సంచి ముప్పై ఏడు రోజులకు ఒకటి. కందిపప్పు నాలుగు కిలోలు, నూనె నాలుగు లీటర్లు, పాలు రోజుకు అర లీటరు, గ్యాస్ బండ నెల నుంచి ముప్పై ఐదు రోజులు. మిర్చి నెలనెలా పొడి ప్యాకెట్లలో కొంటే చేయి కాలుతుంది. మార్చిలో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు సరుకు దండిగా వచ్చినప్పుడు ఏడాదికి ఆరేడు కిలోల ఎండుమిర్చి తీసుకుని, తొడిమలు తీసి, రెండెండలు పోసి పట్టించుకోవాలి. తడి ఉండగా పట్టిస్తే రెండు నెలలకే బూజు పడుతుంది. పసుపు కొమ్ములూ అప్పుడే. ఆడపిల్లలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం కాబట్టి చార్జీ రాయనక్కర్లేదు, మగపిల్లల పాస్ ఖర్చు మాత్రం మరిచిపోవద్దు.

ఇవన్నీ ఎవరైనా రాస్తారు. కుటుంబాలు అప్పులపాలయ్యేది ఏడాదికోసారి వచ్చే ఖర్చుల దగ్గర. ఉదాహరణకు జూన్‌లో ఫీజులు, పుస్తకాలు 24 వేలు, దసరా బట్టలు 8 వేలు, మార్చి సరుకు 10 వేలు, జ్వరాలూ ఆస్పత్రీ 6 వేలు అనుకోండి. మొత్తం 48 వేలు. పన్నెండుతో భాగిస్తే నెలకు 4 వేలు పక్కన పెడితే సరిపోతుందని అందరూ చెప్తారు. జనవరిలో విడిపోయిన ఇంట్లో చూడండి. మే చివరికి జమ అయ్యేది 20 వేలు. అందులో మార్చి సరుకుకు 10 వేలు పోయాయి. జూన్‌లో 24 వేలు కట్టాలి, చేతిలో ఉన్నది 10 వేలు. తక్కువ పడ్డ ఆ 14 వేల కోసమే ఫైనాన్స్ వాళ్ల దగ్గరికో, పుస్తెలతాడు పట్టుకుని గోల్డ్ లోన్‌కో పోతారు. మొదటి జూన్ ఖర్చు విడిగా తీరితేనే పన్నెండుతో భాగించే లెక్క రెండో ఏడు నుంచి పనిచేస్తుంది. అందుకే మొదటి జూన్ ఖర్చును నెలవారీ అంకెలో కలపకుండా, ఫీజు తండ్రే నేరుగా బడికి కట్టి రసీదు ఇవ్వాలని ఒప్పందంలో విడిగా, తేదీతో సహా రాయించండి. "చదువు ఖర్చు చెరిసగం" అని రాస్తే ఏ తేదీలోపు అన్నది ఉండదు, గొడవ అక్కడే. మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తుంది, ఆ ఏడు పిల్లల్ని ఎవరు తీసుకుపోతారో కూడా రాసుకుంటే మంచిది. నవ్వుకోకండి, దాని మీదా పంచాయితీలు అవుతాయి.

ఇచ్చేవాడి చేతికి పైసలు ఎప్పుడొస్తాయన్నదీ చూడాలి. భూపాలపల్లి, గోదావరిఖనిలో సింగరేణి కార్మికుడైతే జీతంతో పాటు దసరాకు లాభాల వాటా, దీపావళికి బోనస్ ఉంటాయి. ఒక్క నెల జీతం చీటీ చూపిస్తే అవి కనపడవు. పత్తి రైతుకు చేతిలో డబ్బు ఆడేది పత్తి అమ్మినంక, చలికాలంలో. ఆగస్టులో అడిగితే ఉద్దెర తెచ్చి ఇయ్యాలె. పరస్పర అంగీకారంతో విడిపోయేవాళ్లు నెలవారీ చిన్న మొత్తం, పంట మీద పెద్ద మొత్తం అని రాసుకోవచ్చు. మా అనుభవంలో ఇట్ల రాసుకున్నవే నిలబడతాయి.

కోర్టుకు పోతే, భరణం ఇప్పించే పాత సీఆర్‌పీసీ 125 సెక్షన్ 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 144 అయింది. 2020 నవంబరులో రజనేష్–నేహ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం భార్యాభర్తలిద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులతో అఫిడవిట్ (ప్రమాణపత్రం) వేయాలి. భరణం దరఖాస్తు వేసిన తేదీ నుంచి లెక్కకు వస్తుంది. ఆమె బీడీలు చుట్టినా, కుట్టుమిషన్ మీద సంపాదించినా రాయాల్సిందే, దాస్తే ఆమె కేసే బలహీనపడుతుంది. బకాయిల విషయంలో ఒక గడువుంది. ఏ నెల సొమ్ము రాలేదో, అది ఇవ్వాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపు వసూలుకు దరఖాస్తు వేయాలి. "ఇస్తాడులే" అని రెండేళ్లు ఆగితే ఈ సెక్షన్ కింద మొదటి ఏడాది బకాయికి వారెంటు పుట్టదు. చేతికి తీసుకోవద్దు, ఖాతాలో వేయించుకోండి.

కాగితాల పనులు కోర్టు తీర్పు దాకా ఆగాల్సినవి కావు. భర్త రేషన్ కార్డులోంచి పేర్లు తీసేయించకపోతే కొత్త కార్డులో ఎక్కవు, అన్నాళ్లూ ఐదుగురి 30 కిలోలు ఆ కార్డు మీదే ఉంటాయి. మీసేవలో దరఖాస్తు వేసి, దాని రసీదు దాచుకోవాలి. ఉమ్మడి ఖాతా ఎవరో ఒకరి సంతకంతో నడిచేదైతే ఇద్దరూ సంతకం పెడితేనే నడిచేలా మార్పించాలి. గోసెలిన్‌లు కూడా ఉమ్మడి ఖాతాలోంచి డబ్బు తీసిన విషయంలో కోర్టుకెక్కారు. విడాకులు అయినంత మాత్రాన బీమా పాలసీలో నామినీ పేరు దానంతట అది మారదు. ముగ్గురు ఆడపిల్లలుంటే, ఆడపిల్లల పొదుపు పథకం సుకన్య ఖాతా ఇద్దరికే, కవలల విషయంలోనే మినహాయింపు. మూడో అమ్మాయికి పోస్టాఫీసులో నెలనెలా కట్టే ఆర్డీయో, దీర్ఘకాల పొదుపు ఖాతా పీపీఎఫ్ఫో తెరవాలి.

పిల్లలతో వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెట్టే ఇళ్లు మన జిల్లాల్లోనూ పెరిగాయి కాబట్టి ఇంకొక మాట. గోసెలిన్ల రాష్ట్రం పెన్సిల్వేనియా 2012లో చట్టం మార్చి, నటించే పిల్లల సంపాదనలో 15 శాతం ట్రస్టులో పెట్టాలంది. మన 2017 బాలకార్మిక నిబంధనల ప్రకారం వినోద కార్యక్రమాల్లో చేసే పిల్లల ఆదాయంలో కనీసం 20 శాతం జాతీయం చేసిన బ్యాంకులో వాళ్ల పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. రోజుకు ఐదు గంటలకు మించి పని చేయించకూడదు, జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. తల్లిదండ్రులు విడిపోతే ఈ డబ్బు ఎవరిదన్న తగువే రాకూడదు, అది పిల్లలదే.

ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరు దొరుకుతారు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లొచ్చు, లేదా 15100కు ఫోన్ చేయొచ్చు. వెళ్లేటప్పుడు పెళ్లి ఫొటో లేదా శుభలేఖ, పిల్లల ఆధార్, బడి ఫీజు రసీదులు, బ్యాంకు పాస్‌బుక్, పైన చెప్పిన ఖర్చుల కాగితం పట్టుకుపోవాలి. ఇలాంటి కథనం మళ్లీ వేసినప్పుడు ఆ నంబరు కూడా పక్కన అచ్చువేయమని కోరుతున్నాం.

– సంఘాల లెక్కలు రాసే కొందరం, హనుమకొండ